శిక్షకు బదులు శిక్షణ

తెలుగులో శిక్షకీ శిక్షణకీ తేడా ఒక్క అక్షరం. సంస్కృతంలో శిక్ష అంటే నేర్చుకోవడం, నేర్పడం. హిందీవాళ్లకి ఇప్పటికీ చదువంటే శిక్షే. ఆ మాట మన దగ్గరకొచ్చేసరికి దండన అయి కూర్చుంది. పంతుళ్ల బెత్తాల మహిమ కావచ్చు. ఈ ఒక్క అక్షరం తేడా గురించి నా పట్టింపు సాహిత్య పరిశోధనలో మొదలైంది కాదు. ఒక పోలీసు శిక్షణ కేంద్రంలో మొదలైంది.

కొన్నేళ్ల కిందట, పీహెచ్‌డీ అయిపోయి గెస్టు క్లాసులతో నెట్టుకొస్తున్న రోజుల్లో, కొత్తగా చేరిన కానిస్టేబుళ్లకి 'జెండర్ సెన్సిటైజేషన్' క్లాసు చెప్పమని పిలిచారు. విదేశీ నిధులతో తయారైన మాడ్యూల్ ఒకటి చేతికిచ్చారు. 32 స్లైడ్లు. మొదటిది సెక్సుకీ జెండర్‌కీ తేడా. చివరిది ఐక్యరాజ్యసమితి 1325 తీర్మానం. భోజనాల తర్వాతి గంట. సగంమంది కునుకు తీస్తున్నారు. ముందువరసలో కూర్చున్న ఒకమ్మాయి మాత్రం అంతా రాసుకుంది. క్లాసు అయిపోయాక దగ్గరికొచ్చి అడిగింది: "మేడమ్, రేప్ కేసు వస్తే ఎఫ్ఐఆర్ రాయాలని నాకు తెలుసు. రాయొద్దని మా సార్ అంటే నేనేం చేయాలి? అది ఇందులో ఉందా?"

లేదు. "పై అధికారికి చెప్పమ్మా" అన్నాను. ఆ అమ్మాయి నవ్వింది. ఆయనకి అలా చెప్పేది పై అధికారే అయితే ఏం చేయాలని ఆ నవ్వుకి అర్థం. నేను పారితోషికం చెక్కు తీసుకుని ఇంటికొచ్చాను.

తర్వాత తెలుసుకున్నాను, ఆమె ప్రశ్నకి చట్టంలో జవాబుందని. 2013లో శిక్షాస్మృతికి 166ఎ చేర్చారు. అత్యాచారం ఫిర్యాదు నమోదు చేయని ఉద్యోగికి ఆరునెలలకు తగ్గకుండా, రెండేళ్ల దాకా కఠిన శిక్ష. 2024 జులై నుంచి కొత్త న్యాయసంహితలో అదే 199వ సెక్షన్. మా 32 స్లైడ్లలో న్యూయార్కులో చేసిన 1325 ఉంది, ఢిల్లీలో చేసిన 166ఎ లేదు. అది మరపు అని చాలాకాలం అనుకున్నాను. ఇప్పుడు అనుకోవడం లేదు. శిక్ష గురించి మాట్లాడవలసిన చోటల్లా శిక్షణ గురించి మాట్లాడడం ఒక పద్ధతి అనీ, ఆ పద్ధతికి ప్రపంచవ్యాప్తంగా నిధులూ నిపుణులూ సర్టిఫికెట్లూ ఉన్నాయనీ ఇప్పుడు నా ఆరోపణ. ఆ పద్ధతికి మాటలు అరువిచ్చింది మనమే అన్నది రెండో ఆరోపణ.

ఆ పద్ధతి పేరు 'భద్రతారంగ సంస్కరణ'. 1990ల చివర్లో బ్రిటన్ అంతర్జాతీయాభివృద్ధి శాఖ దీన్ని ప్రచారంలోకి తెచ్చింది. ఆలోచన మంచిదే. సైన్యం, పోలీసు, జైళ్లు, గూఢచారి వ్యవస్థలు ప్రజాప్రతినిధుల అదుపులో ఉండాలి, పని తెలిసి ఉండాలి, తప్పు చేస్తే జవాబు చెప్పాలి. అంటే రెండు కాళ్లు: ఒకటి సామర్థ్యం, ఒకటి జవాబుదారీతనం. 2000 అక్టోబరులో భద్రతామండలి 1325 తీర్మానం చేసింది. 2007లో ఓఈసీడీ చేతిపుస్తకం వచ్చింది. 2008లో జెనీవాలోని డీకాఫ్ మరికొన్ని సంస్థలతో కలిసి జెండర్ టూల్‌కిట్ తెచ్చింది. 2014 ఏప్రిల్‌లో భద్రతారంగ సంస్కరణ మీద విడిగా 2151 తీర్మానం వచ్చింది. న్యాయంగా చెప్పాలంటే ఆ టూల్‌కిట్ చెడ్డ పుస్తకం కాదు. బయటి పర్యవేక్షణ గురించి, ఫిర్యాదు వ్యవస్థల గురించి అందులో పేజీలకి పేజీలున్నాయి. కానీ జెనీవాలో బయల్దేరిన పుస్తకం మన స్లైడ్ల దాకా వచ్చేసరికి ఒక కాలు తెగిపోతుంది. ఏ కాలు తెగుతుందో చెప్పనక్కర్లేదు. ఎంతమందికి క్లాసులు చెప్పారో లెక్క రాసి నిధులిచ్చినవాళ్లకి పంపొచ్చు. ఎంతమంది అధికారుల మీద కేసులు పెట్టించారో లెక్క రాస్తే, ఆ దేశం మరుసటి ఏడు గేటు లోపలికి రానివ్వదు.

ఇది ఊహ కాదు. లైబీరియా చూడండి.

1989 నుంచి 2003 దాకా మధ్యలో కొద్ది విరామంతో అంతర్యుద్ధంలో నలిగిన చిన్న దేశం అది. 2003లో ఆ యుద్ధాన్ని ఆపమని వీధుల్లోకొచ్చింది ఆడవాళ్లు. క్రైస్తవులూ ముస్లిములూ కలిసి, తెల్ల బట్టలు కట్టుకుని, మన్రోవియా చేపల మార్కెట్ పక్కనున్న మైదానంలో ఎండకీ వానకీ కూర్చున్నారు. శాంతి చర్చలు ఘనా రాజధాని అక్రాలో సాగుతూ సాగుతూ తేలకపోతే, అక్కడికీ వెళ్లి చర్చల హాలు వాకిలికి అడ్డంగా బైఠాయించారు. భద్రతా సిబ్బంది అరెస్టు చేయడానికి వస్తే, వాళ్ల నాయకురాలు లేమా బోవీ ఒంటి మీద బట్టలు తీసేయబోయింది. సిబ్బంది వెనక్కి తగ్గారు. ఆ ఆగస్టులో ఒప్పందం కుదిరింది. దాదాపు ఏడాది తర్వాత, 2004 జులైలో, అస్సాం రైఫిల్స్ పట్టుకెళ్లిన మనోరమ శవమై దొరికాక, ఇంఫాల్‌లో కాంగ్లా కోట గేటు ముందు 12మంది తల్లులు నిజంగానే బట్టలు విప్పి నిలబడ్డారు. అక్రాకీ ఇంఫాల్‌కీ పరిచయం లేదు. ఇద్దరికీ తెలిసింది ఒకటే: భద్రత పేరుతో వచ్చేవాడి ముందు ఆడదాని దగ్గర మిగిలే ఆఖరి ఆయుధం ఏమిటో.

బోవీకి 2011లో నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. కానీ ఆ దేశంలో కొత్త సైన్యాన్ని తయారుచేసే పని ఎవరికి వెళ్లిందో తెలుసా? డైన్‌కార్ప్ అనే అమెరికన్ ప్రైవేటు కంపెనీకి. లైబీరియా పౌరసమాజానికి ఆ ఒప్పందంలో పెద్దగా పాత్ర లేదన్న విమర్శ అప్పుడే వచ్చింది. ఈ కంపెనీ అంతకుముందు బోస్నాకి అంతర్జాతీయ పోలీసులని సమకూర్చింది. వాళ్లలో ఒకరైన కేథరిన్ బోల్కోవాక్, తోటి సిబ్బందికి ఆడపిల్లల అక్రమ రవాణాతో సంబంధాలున్నాయని చెప్పినందుకు ఉద్యోగం పోగొట్టుకుంది. ఆమెని తీసేయడం అన్యాయమని 2002లో బ్రిటన్‌లో ట్రిబ్యునల్ తీర్పిచ్చింది. ఆ తర్వాత కొన్నేళ్లకే, ఒక దేశపు సైన్యానికి నడవడిక నేర్పే కాంట్రాక్టు ఆ కంపెనీకే దక్కింది. పాత సైన్యాన్ని మొత్తం రద్దుచేసి సుమారు 2,000 మందితో కొత్తది కట్టారు. మొదటి ప్రణాళికలో పౌరశాస్త్రం, మానవహక్కులు, యుద్ధ నియమాల పాఠాలకి మూడు వారాలు కేటాయించారు. ఖర్చు తగ్గించుకోవడానికి ఆ మూడు వారాలే కత్తిరించారు. కవాతునీ తుపాకీనీ ఎవరూ కత్తిరించలేదు.

2014 ఆగస్టులో ఎబోలా వచ్చినప్పుడు మన్రోవియాలో వెస్ట్‌పాయింట్ అనే పేదల వాడని మొత్తంగా దిగ్బంధం చేశారు. తిరగబడ్డ జనం మీద కాల్పులు జరిగాయి. పదిహేనేళ్ల కుర్రవాడు చనిపోయాడు. ఆ మూడు వారాల పాఠాలుంటే ఆ పిల్లవాడు బతికేవాడని నేననను. శిక్షణ మీద నాకు అంత నమ్మకమే ఉంటే ఈ వ్యాసం రాయనక్కర్లేదు.

పోలీసుల సంగతి ఇంకా ముఖ్యం. అక్కడ నిజంగా మంచి ప్రయత్నాలు జరిగాయి. 2005లో స్త్రీలూ పిల్లల రక్షణకి విడిగా పోలీసు విభాగం పెట్టారు. లైంగిక నేరాలకి ప్రత్యేక కోర్టు పెట్టారు. పోలీసుల్లో ఆడవాళ్ల సంఖ్య పెంచాలనుకున్నారు. యుద్ధంలో బడి పోగొట్టుకున్న ఆడపిల్లలకి హైస్కూలు అర్హత ఎక్కడిది? అందుకని కొద్ది నెలల్లో హైస్కూలు చదువు పూర్తిచేయించి పోలీసు శిక్షణకి పంపే పథకం పెట్టారు. అంకెలు పెరిగాయి. కానీ పద్నాలుగేళ్ల యుద్ధం మింగేసిన చదువు మూడు నాలుగు నెలల్లో తిరిగొస్తుందా? రిపోర్టు రాయడం రాదని ఆ అమ్మాయిలని తోటివాళ్లు చులకన చేశారు. చాలామంది కిందిమెట్టు మీదే ఉండిపోయారు. పథకం పేరు చదువే. దాతలకి కావలసింది శాతం.

ఇక మన వంతు. 2007 జనవరిలో మన కేంద్ర రిజర్వ్ పోలీసు దళం నుంచి వందమందికి పైగా స్త్రీలు లైబీరియా వెళ్లారు. ఐక్యరాజ్యసమితి చరిత్రలో మొట్టమొదటి పూర్తి మహిళా పోలీసు దళం. ఏడాదికోసారి బృందాలు మారుతూ 2016 ఫిబ్రవరి దాకా ఉన్నారు. అధ్యక్షురాలు ఎలెన్ జాన్సన్ సర్లీఫ్ కార్యాలయానికి కాపలా కాశారు, రాత్రిపూట గస్తీ తిరిగారు. డ్యూటీ అయ్యాక అక్కడి ఆడపిల్లలకి ఆత్మరక్షణ, కంప్యూటరు, మన నాట్యం కూడా నేర్పారు. చంటిపిల్లలని అమ్మమ్మల దగ్గర వదిలి వెళ్లిన తల్లులున్నారు వాళ్లలో. వాళ్లు తిరిగొచ్చేనాటికి లైబీరియా భద్రతారంగంలో స్త్రీలు 6 శాతం నుంచి 17 శాతానికి పెరిగారని ఐక్యరాజ్యసమితి చెప్పింది. వాళ్లని చూసి ధైర్యం తెచ్చుకున్న ఆడపిల్లలు అక్కడ తప్పకుండా ఉంటారు. ఆ స్త్రీల కష్టాన్ని చిన్నచూపు చూసే అర్హత ఏసీ గదిలో సెమినార్లు చదివే నాలాంటిదానికి లేదు.

నా ప్రశ్న వాళ్లని కాదు, వాళ్లని పంపిన రాజ్యాన్ని. మగవాళ్ల బెటాలియన్ ఎక్కడికైనా వెళ్లి పిల్లలకి డాన్సు నేర్పిందని ఎవరైనా పొగిడారా? ఆడవాళ్లు వెళితే గస్తీతో పాటు అమ్మతనం కూడా డ్యూటీలో భాగమవుతుంది. స్త్రీలు సహజంగా శాంతమూర్తులు, వాళ్లుంటే దళం మృదువవుతుంది అన్న మాటని తీర్మానాల భాషలో రాస్తే సంస్కరణ అవుతుందా? ఇల్లు సర్దినట్టే పోలీసుశాఖనీ సర్దిపెట్టే బాధ్యత మళ్లీ మనదే అవుతుంది. చెత్త వేసినవాడు మాత్రం సోఫాలోంచి లేవడు.

ఆ ఏడాదే, 2007 ఆగస్టు 20న, విశాఖ మన్యంలోని వాకపల్లిలో 11మంది కోందు ఆదివాసీ స్త్రీలు తమ మీద గ్రేహౌండ్స్ పోలీసులు సామూహిక అత్యాచారం చేశారని చెప్పారు. అవి వేర్వేరు దళాలని నాకు తెలుసు. కానీ మన్రోవియా ఆడవాళ్లకి భరోసా పంపిన ప్రజాస్వామ్యం, వాకపల్లి ఆడవాళ్లు చెప్పింది వినడానికి పదేళ్లకి పైగా తీసుకుంది. వాళ్లు అబద్ధమాడుతున్నారన్నారు. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లి, 2018లో గానీ విచారణ మొదలవలేదు. 2023 ఏప్రిల్‌లో విశాఖ ప్రత్యేక కోర్టు నిందితులైన 13మంది పోలీసులనీ నిర్దోషులుగా వదిలేసింది. కారణం, దర్యాప్తు సరిగా జరగకపోవడం. ఆ స్త్రీలకి నష్టపరిహారం ఇవ్వాలని కూడా అదే తీర్పు చెప్పింది. ఏమీ జరగలేదని ఎవరూ నమ్మలేదన్నమాట. జరిగినదానికి బాధ్యులు మాత్రం ఎవరూ లేరు.

గ్రేహౌండ్స్‌కి శిక్షణ తక్కువైందా? దేశంలో ఎన్నో రాష్ట్రాల దళాలు వచ్చి నేర్చుకునేంత శిక్షణ ఉన్న దళం అది. దర్యాప్తు చేసిన అధికారులకి వైద్యపరీక్ష ఎప్పుడు చేయించాలో, నిందితుల్ని ఎలా గుర్తుపట్టించాలో తెలియదా? ఎవరికి మేలు జరిగేలా తెలియనట్టుండాలో కూడా తెలిసినవాళ్లు వాళ్లు. ఇది తెలియకపోవడం వల్ల వచ్చిన జబ్బు కాదు, పాఠం చెబితే తగ్గడానికి. చేసినా ఏమీ కాదన్న ధీమా వల్ల వచ్చింది.

శాంతి సైన్యాలకీ ఈ ధీమానే. 2003 నుంచీ ఐక్యరాజ్యసమితిలో లైంగిక దోపిడీని నిషేధించిన నియమాలున్నాయి, వాటి మీద పాఠాలున్నాయి. అయినా మన్రోవియాలో 18-30 ఏళ్ల మధ్య స్త్రీలలో సగానికి పైగా డబ్బుకో వస్తువులకో శరీరాన్ని ఇవ్వవలసివచ్చిందనీ, వాళ్లలో ఎక్కువమంది విషయంలో అవతలివాళ్లు ఐక్యరాజ్యసమితి సిబ్బందేననీ 2017లో వెలువడిన ఒక పరిశోధన అంచనా వేసింది. హైతీలో పిల్లలని లైంగికంగా దోచుకున్నారన్న ఆరోపణ మీద 2007లో వందమందికి పైగా శ్రీలంక సైనికుల్ని వెనక్కి పంపారు. వాళ్లలో ఒక్కరూ జైలుకెళ్లలేదని పదేళ్ల తర్వాత అసోసియేటెడ్ ప్రెస్ పరిశోధనలో తేలింది. శాంతి సైనికుణ్ణి విచారించే హక్కు అతణ్ణి పంపిన దేశానిదే. నేరం హైతీలో, కోర్టు కొలంబోలో, పాఠం మాత్రం అందరికీ.

మన దేశంలో సైనిక దళాల ప్రత్యేకాధికారాల చట్టం ఆరో సెక్షన్ కింద కేంద్రం అనుమతి లేకుండా విచారణే లేదు. లైంగిక హింస విషయంలో ఈ రక్షణ తీసేయమని 2013లో జస్టిస్ వర్మ కమిటీ చెప్పింది. తీయలేదు. పోలీసుల మీద ఫిర్యాదులు వినే స్వతంత్ర వ్యవస్థలు పెట్టమని 2006లో ప్రకాశ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. చాలాచోట్ల అది కాగితం దాటలేదు. ఆ ఆరో సెక్షన్ కదలకుండా, అవతల ఢిల్లీలో మన సైన్యపు శాంతిపరిరక్షణ కేంద్రం యూఎన్ విమెన్‌తో కలిసి 2015 నుంచీ వివిధ దేశాల మహిళా సైనికాధికారులకి కోర్సులు నడుపుతోంది. కోర్సులు మంచివే కావచ్చు. ఇంఫాల్ తల్లులు అడిగింది కోర్సు కాదు.

నాకు ఎదురయ్యే మొదటి జవాబు తెలుసు. "అయితే ఏమీ నేర్పొద్దంటావా? స్టేషన్‌కొచ్చిన ఆడమనిషితో మర్యాదగా మాట్లాడ్డం నేర్పితే నష్టమేంటి?" అని నా స్నేహితురాలే అడిగింది. నష్టం లేదు. గృహహింస చట్టం పట్టుకుని స్టేషన్ మెట్లెక్కే ఆడమనిషికి ఆ మర్యాద విలువ నాకు తెలుసు. కానీ మర్యాదని ఎవరికి నేర్పుతున్నామో చూడండి. 2025 ఇండియా జస్టిస్ రిపోర్టు లెక్కల ప్రకారం మన పోలీసుశాఖల్లోని ఆడవాళ్లలో పదింట తొమ్మిదిమంది కానిస్టేబుళ్లు. దేశం మొత్తం మీద ఎస్పీ, ఆ పై హోదాల్లో వెయ్యిమంది కూడా లేరు. ఆజ్ఞలు పైనుంచి వస్తుంటే పాఠాలు కింద చెబుతున్నాం. ఆ ముందువరస అమ్మాయి నన్నడిగింది ఇదే.

రెండో జవాబు ఇంకా పదునైనది. శిక్ష, శిక్ష అని అరిస్తే ఏమవుతుందో 2019 డిసెంబరులో చూశాం కదా అంటారు. చూశాం. అత్యాచారం, హత్య కేసులో నలుగురు నిందితుల్ని పోలీసులు కాల్చి చంపితే జనం వాళ్ల మీద పూలు చల్లారు. నిందితుల్ని చంపాలనే కాల్చారని, పదిమంది పోలీసుల్ని హత్యానేరం కింద విచారించాలని 2022లో సిర్పూర్కర్ కమిషన్ నివేదిక చెప్పింది. నేనడిగే శిక్ష ఆ తూటా కాదు. తూటా ఎవరు పేల్చినా కోర్టు బోనెక్కించే శిక్ష. మన పేరు చెప్పి చంపే పోలీసూ, మన ఒంటి మీద చెయ్యేసే పోలీసూ ఒకే ధీమాతో బతుకుతారు.

చివరి మాట మనతో. 1978లో హైదరాబాదులో రమీజాబీ కోసం జనం వీధుల్లోకొచ్చారు. ముక్తదర్ కమిషన్ తప్పు పోలీసులదే అంది. కేసు రాయచూరు కోర్టుకి వెళ్లి 1981లో వాళ్లు నిర్దోషులై బయటికొచ్చారు. మధుర కేసు తీర్పు మీద 1979లో నలుగురు న్యాయశాస్త్ర అధ్యాపకులు సుప్రీంకోర్టుకి బహిరంగ లేఖ రాశారు. 1983లో చట్టం మారింది. అప్పుడు మన చదువు రాజ్యాన్ని నిలదీయడానికి పనికొచ్చింది. ఇప్పుడు అదే చదువు రాజ్యానికి స్లైడ్లు తయారుచేస్తోంది. 'జెండర్', 'సాధికారత', 'అణచివేత' అన్నీ మన మాటలే. వాటిలోంచి 'రాజ్యం' అన్న ఒక్క మాట తీసేసి మనచేతే మాడ్యూల్ రాయించుకుంటున్నారు. నేను రాశాను. మీలో కొందరు రాశారు. గౌరవ వేతనం అక్కర్లేనంత స్థితిలో మనలో చాలామంది లేం, కాబట్టి మానేయమని చెప్పను. షరతులు పెడదాం అంటున్నాను.

పై అధికారులు కూర్చోని క్లాసుకి మనం వెళ్లం. ఏ దళానికి చెబుతున్నామో ఆ దళం మీద వచ్చిన కేసులే పాఠం కావాలి, ఊరూ పేరూ లేని 'ఉదాహరణలు' కాదు. 1325 కంటే ముందు 199వ సెక్షన్ చెప్పాలి. ఫిర్యాదు చేసిన స్త్రీలు స్లైడ్ మీద బొమ్మలుగా కాదు, వాళ్లకి ఇష్టమైతే, మనకిచ్చే వేతనమే తీసుకుని, బల్లకి ఇవతల నిలబడి మాట్లాడాలి. క్లాసు జరిగాక ఎన్ని ఎఫ్ఐఆర్‌లు నమోదయ్యాయో, నమోదు చేయనివాళ్ల మీద ఏ చర్య తీసుకున్నారో ఏడాది తర్వాత మాకు చూపించాలి. ఇవి ఒప్పుకుంటే నేను రేపే వెళతాను.

ఒప్పుకోరని మీరంటారు. ఒప్పుకోకపోతే కనీసం ఒకటి తేలుతుంది, వాళ్లు మనల్ని పిలుస్తున్నది దేనికని. ఆ తర్వాత కూడా వెళ్లామంటే, తెలియక వెళ్లామని చెప్పుకోలేం. ఆ కానిస్టేబుల్ అమ్మాయి ఇప్పుడు ఏదో స్టేషన్‌లో రైటర్ పక్కన కూర్చుని ఉంటుంది. ఎప్పుడో ఒకరోజు ఆ ఫిర్యాదు రానే వస్తుంది. రాయొద్దని ఆమె సారు అననే అంటాడు. ఆ క్షణానికి పనికొచ్చే ఒక్క ముక్క నేనామెకి చెప్పి రాలేదు. చెక్కు మాత్రం మార్చుకున్నాను.